ఈరన్న పేరున రెండు డిస్కులు

పెద్దీరన్న కొత్త డిస్కును కంప్యూటర్ పెట్టెలో కూర్చి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని స్క్రూ బిగిస్తున్నాడు. ఎమ్మిగనూరు చేనేత సొసైటీలో కంప్యూటర్ పని ఏదైనా అతని నెత్తినే. యాభై దాటిన మనిషి. వంగి వంగి గూని పట్టిన వీపు, ముక్కు మీదికి జారే కళ్లజోడు. ఎవరేం అడిగినా "అయితాది లేప్పా" అనడమే తప్ప ఇంకో మాట ఎరగడు.

పాత డిస్కు వారంగా కటకటమంటోంది. అది కాస్తా పోతే తమ్ముడు చిన్నీరన్న బతుకంతా గీసిన చీర అంచులన్నీ పోయినట్టే. కాగితాల మీది అసళ్లు ఏనాడో చెదలపాలయ్యాయి. తమ్ముడేమో ఆదోని ఆస్పత్రిలో ఊపిరందక పడి ఉన్నాడు. అందుకే ఈ తంటా. రెండు డిస్కులనూ జత కడితే ఒకదాంట్లో ఉన్నదంతా రెండోదాంట్లోనూ ఉంటుంది, ఒకటి చచ్చినా ఇంకోటి బతుకుతుంది.

ఆ కంప్యూటరును నడిపే లినక్స్‌లో డిస్కును భాగాలు చేసి, భాగానికో పేరు పెట్టాలి. పాతదానికి ఎప్పుడో 'ఈరన్న' అని పెట్టాడు. కొత్తదానికీ అదే పెట్టాడు. ఏం చేస్తాడు మరి! ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని పిల్లల్ని కన్న ఇల్లు అది. అన్నకూ ఆ పేరే, తమ్ముడికీ ఆ పేరే. అమ్మ కేకేస్తే ఏ ఈరన్నను పిలిచిందో గొంతును బట్టి ఇంటిల్లిపాదికీ తెలిసేది. యంత్రానికి ఆ తెలివి ఎక్కడిది? ఈరన్నలో ఉన్నది రెండోదాంట్లోకి ఎత్తమంటే, ఖాళీగా ఉన్న కొత్త ఈరన్నను పట్టుకుని, నిండుగా ఉన్న పాతదాని మీద శుభ్రంగా పరిచేసింది.

పని పూర్తయిందని తెర మీద పడింది. తెరిచి చూస్తే ఒక్క అంచూ లేదు. మళ్లీ తెరిచాడు. లేదు. ఓరి దేవుడా! చేజేతులా చేసుకున్నదానికి ఎవర్ని అనాలి?

సాయంత్రం ఆదోని బస్సెక్కాడు. ఆస్పత్రిలో తమ్ముడి భార్య మల్లేశ్వరి లేచి, మంచం పక్కన చోటిచ్చింది.

"అన్నా... నా అంచులు... ఉండాయా?" తమ్ముడు ఆగి ఆగి అడిగాడు.

"యాడికి పోతాయప్పా. రెండు తావుల బెట్టినా. భద్రంగా ఉండాయి."

"ఇంగ సాలన్నా."

మల్లేశ్వరి బావ మొహంలోకి చూసింది. పెద్దీరన్న సిగ్గుతో చితికిపోయాడు. అయినా ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఆమె టీ తేవడానికి కిందికి పోయింది. వచ్చేసరికి చిన్నీరన్న అన్న చెయ్యి పట్టుకునే ఊపిరి ఆపేశాడు. పెద్దీరన్న ఆ చెయ్యి వదల్లేదు.

కాసేపటికి నర్సు వచ్చి పక్క ఖాళీ చేయమంది. మల్లేశ్వరి దిండు ఎత్తింది. కింద ఎక్స్‌రే కవరు. దాని మీద వణికే పెన్సిలు గీతలతో కొత్త అంచు ఒకటి, హంసల వరుస, చివరి హంస మెడ దగ్గర గీత ఆగిపోయి ఉంది.