మూడు సున్నలు

పన్నెండో కేసుషీటు విప్పేసరికి ఆండాలు పళ్లు కొరికింది. మళ్లీ గౌలిపుర, మళ్లీ తానుండే గల్లీయే. జబ్బు పేరు దగ్గర మాత్రం ఒక డాక్టరు గ్యాస్ట్రో ఎంటరైటిస్ అని రాస్తాడు, ఇంకొకాయన డీహైడ్రేషన్ అంటాడు. మూడో ఆయన చచ్చిన ప్రతివారికీ హార్ట్ ఫెయిల్యూర్ తప్ప మరో జబ్బు రాయడు.

ఆస్పత్రి రికార్డుల సెక్షన్లో ఆ పేర్లకు లావుపాటి పుస్తకంలో చూసి అంకెలు వేయడం ఆమె పని. పందొమ్మిదేళ్లుగా అదే కిర్రు కుర్చీ, నీలి సిరా దిగిన అదే చూపుడువేలు, వంగీ వంగీ గూనిదేరిన మెడ. మూడు పేర్లకు మూడు అంకెలు. నెలాఖరు పట్టికలో ఒకే గల్లీ కేసులు మూడు గళ్లలోకి చెదిరిపోతాయి, ఎవరి కంటా పడవు. షీట్లకు గుండుసూదితో గుచ్చిన ల్యాబు చీటీలు మాత్రం అన్నీ కలరా అనే చెబుతున్నాయి. కలరాకు పుస్తకంలో మొట్టమొదటి అంకె, 'A' పక్కన మూడు సున్నలు. అది పట్టికకెక్కితే మునిసిపాలిటీవాళ్లు గల్లీ నల్లా బంద్ చేసి పైపు తవ్వక తప్పదు. పట్టిక ఇవాళ నాలుగింటికి పోతుంది. రోజూ ఆమెకు పాలు పోసే నాగమణమ్మ నిన్నటినుంచి పై వార్డులో ఉంది.

అన్నిటికీ కలరా అంకే వేస్తానంటే సెక్షన్ పెద్ద రామలింగయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"డాక్టర్ ఆఖరి లైన్ల ఏం రాస్తే దానికే నంబరు. నువ్వేమన్న డాక్టరువా ఆండాలమ్మా?"

"డాక్టర్ను గాదు సార్. గా నల్లా కింద బిందె వెట్టేదాన్ని."

షీట్లు చంకన పెట్టుకుని మెట్లెక్కింది. డ్యూటీ డాక్టరు టీ తాగుతున్నాడు. ల్యాబు చీటీలు పైకి కనబడేలా షీట్లను ఆయన ముందు పరిచింది.

"సార్, గీ ఆఖరి లైన్లు మార్చి రాయుండ్రి. మీరు రాయకుంటె నాకు నంబరేసే హక్కు లేదు."

"కలరా అంటే పైనుంచి ఫోన్లొస్తాయమ్మా. బోనాలు అయ్యేదాకా ఆ మాట రాయొద్దని సూపరింటెండెంటుగారు చెప్పారు. మీ పని మీరు చూసుకోండి."

"బోనాల నాటికి మా గల్లిల ఎందరుంటరో, గది గూడ ఆయన్నే చెప్పుమనుండ్రి!"

ఆయన ముఖం తిప్పుకుని, అప్పుడే సంతకం చేసిన షీటొకటి ఆమె వైపు తోశాడు. నాగమణమ్మ, భర్త బసవయ్య, గౌలిపుర. ఆఖరి లైను: హార్ట్ ఫెయిల్యూర్. సిరా ఇంకా తడిగానే ఉంది.

ఆండాలు ఏడవలేదు. ఒళ్లంతా కోపమే ఉంది, ఏడుపుకు చోటు లేదు. ఆయన బల్ల మీదే వంగి, ఆయన పెన్నే తీసుకుని, పదమూడు షీట్ల మీదా కాగితం చిరిగేలా మూడేసి సున్నలు చుట్టింది.

"మీ ఉద్యోగం పోతుంది!"

"పోనీ సార్. ఎవరన్న అడిగితె నేనే ఏసిన్నని చెప్పుండ్రి. పేరు ఆండాలు."

పట్టిక మీద సంతకం పెట్టనన్నాడు రామలింగయ్య. నాలుగింటికి ఆమె తన సంతకమే పెట్టి టపా సంచిలో వేసి, మళ్లీ మెట్లెక్కి నాగమణమ్మ వార్డుకు వెళ్లింది. మంచం ఖాళీగా ఉంది. ఆయా లీలమ్మ దుప్పటి గుంజుతోంది.

"ఆఖరిదాక దూప దూప అన్నదమ్మా. పాపం, కోడలు ఇంటినుంచి నీళ్లు మోసుకొచ్చి తాపిచ్చింది."

మంచం కింద, మూతికి గుడ్డ చుట్టిన గాజుసీసా. అందులో సగందాకా గల్లీ నల్లా నీళ్లు, ఎంతో తేటగా.