పోక మొక్కకు ఉప్పునీళ్ళు

గోవర్ధనరావు నాకు మరిది వరస. మా ఆయన రత్తయ్యకు పినతండ్రి కొడుకు. మంచివాడే, కాదనను. కానీ ఆయన బుర్రలో ఏదైనా దూరిందంటే అది తేలేదాకా తను నిద్రపోడు, పక్కవాళ్ళని నిద్రపోనివ్వడు. ఆ ఏడాది దూరింది టైగర్ రొయ్య.

తొంభై మూడో సంవత్సరం అనుకుంటాను. దివిసీమలో ఎవరి నోట విన్నా రొయ్యల మాటే. కోడూరు దాటి పాలకాయతిప్ప వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. ఆ దారికి అటూ ఇటూ వరి చేలు తవ్వి చెరువులు చేసేస్తున్నారు. నిన్నమొన్నటిదాకా పంచె ఎగ్గట్టి నారు పీకినవాళ్ళు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మోటార్ సైకిళ్ళ మీద తిరుగుతుంటే మా మరిదికి మనసు ఆగలేదు. మా తోటకి ఆనుకుని తూర్పున ఆయనకి ఎకరన్నర చేను ఉంది. దాన్ని చెరువు చేస్తానన్నాడు. చిక్కల్లా నీళ్ళ దగ్గరే వచ్చింది. రొయ్యకి ఉప్పునీళ్ళు కావాలి. ఉప్పుటేరేమో మా తోటకి పడమర. అక్కడి నుంచి ఆయన చేనుకి నీళ్ళు చేరాలంటే నా తోట గట్టు వెంట కాలువ తవ్వాల్సిందే.

నా తోట అని ఎందుకంటున్నానంటే అది నాదే కాబట్టి. పొలం మా ఆయనది, తోట నాది. తొంభైలో వచ్చిన తుఫానుకి పాత కొబ్బరిచెట్లన్నీ కూలిపోతే, "ఇంకేం తోటలేవే" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. నేను దులుపుకోలేదు. కడియం వెళ్ళి, నర్సరీలన్నీ తిరిగి, వాళ్ళు చెప్పింది విని, చెప్పనిది చూసి వచ్చాను. కొబ్బరి నారు పోశాను. గేటు ముందు పెట్టుకునే రాయల్ పామ్, మొదలు సీసాలా ఉబ్బే బాటిల్ పామ్ పెంచాను. మాకు చలి లేదు, మంచు లేదు, గాలిలో ఎప్పుడూ తడి ఉంటుంది. ఈ జాతి మొక్కలకి అంతకంటే ఏం కావాలి? గుడివాడలో కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు, బందరులో కల్యాణమండపాల వాళ్ళు వ్యాన్లేసుకుని మా ఊరు వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైంది మాత్రం పోక, అదే వక్క చెట్టు. దాన్ని పెంచడం అందరికీ చేతకాదు, అందుకే ఇష్టమేమో. పండి రాలిన కాయని ఆరనివ్వకుండా తొడిమ పైకి ఉండేట్టు ఇసకలో పాతాలి. మొలకొచ్చేదాకా ఆ ఇసక తడి ఆరకూడదు. మొలిచాక తాటాకు పందిరి నీడ కావాలి. ఎండ ఎక్కువైతే ఆకు మాడుతుంది, నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. సముద్రపు గాలి దానికి ఇష్టమే, సముద్రపు నీళ్ళు మాత్రం గిట్టవు. వేసవిలో కాలువలు కట్టేశాక నా మొక్కలకి ఉన్న దిక్కల్లా తోట మూలనున్న ఊటబావి ఒక్కటే. మా నేలలో మంచినీళ్ళు పైపైన పల్చగా ఉంటాయి. లోతుకి వెళ్తే ఉప్పే. గట్టు వెంట ఉప్పుకాలువ పారిందంటే ఆ బావి చెడిపోతుంది. బావి చెడితే తోట లేదు. ఇందులో వాదించడానికి ఏముంది చెప్పండి!

మా మరిదికి ఉంది. ఉగాది వెళ్ళిన మర్నాడు ఊరి పెద్దమనిషి శోభనాద్రి గారిని వెంటబెట్టుకుని మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

"వదినా, కొబ్బరి మొక్క పెట్టేటప్పుడు గుంటలో ఏవేస్తారు మీరు?" అన్నాడు.

"ఏవేస్తాం? ఇసక, బూడిద, దోసెడు కల్లుప్పు."

"అదిగో! విన్నారా బాబాయ్? తన నోటితోనే చెప్పింది. మా తాతల నాటినుంచీ ఉప్పేసే పెడుతున్నాం. ఉప్పు తిని పెరిగే చెట్టు పక్కన ఉప్పుకాలువ పారితే ఏవౌతుందంట?"

శోభనాద్రి గారు ఆలోచనలో పడ్డారు. అంతెందుకు, మా ఆయన కూడా తలూపాడు! "అదీ నిజమేనేమోనే రావమ్మా" అన్నాడు. నా మొహం చూసి వెంటనే చుట్ట వెలిగించుకునే పనిలో పడ్డాడు. మా వైపు ఎవర్నడిగినా ఆ మాటకి తలూపేవాళ్ళే. గుంటలో ఉప్పేయని ఇల్లు లేదు మరి.

"అది కొబ్బరి" అన్నాను. "దానిక్కూడా వేసేది దోసెడు, బస్తా కాదు. వానలకి కరిగి కిందికి పోతుంది. నువ్వు తెస్తానంటున్నది ఏడాది పొడుగూతా నిలబడే ఉప్పు. పోకకైతే ఆ దోసెడు కూడా పట్టదు."

"కొబ్బరి, తాడి, ఈత, పోక అన్నీ ఒక్క జాతే గదా వదినా."

"నువ్వూ మీ అన్నయ్యా ఒక్క వంశమే గదా. మరి ఆయనకి లేని రొయ్యల పిచ్చి నీకెందుకు పట్టింది?"

శోభనాద్రి గారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. గోవర్ధనరావు నవ్వలేదు. "మీరు మాటలతో తోసేస్తారు వదినా. పోకకి ఉప్పు పడదని రుజువేంటి?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పందిరి కిందికెళ్ళి, మోకాలెత్తు పోక మొక్క ఒకటి సంచితో సహా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"తీసుకెళ్ళు. మీ వాకిట్లో నీడన పెట్టి రోజూ ఉప్పుటేటి నీళ్ళే పొయ్యి. కాలువలకి నీళ్ళు వదిలేనాటికి దీని మొవ్వు పచ్చగా ఉంటే గట్టు తవ్వుకో, నేను నోరెత్తను. మొవ్వు ఎండిందా, ఇక ఈ జన్మలో కాలువ మాట నా దగ్గర ఎత్తకూడదు."

మొవ్వంటే నడిమి లేత చిగురు. ఈ జాతి చెట్లకి కొమ్మలుండవు, ప్రాణమంతా ఆ ఒక్క చిగురులోనే ఉంటుంది. అది పోతే చెట్టు పోయినట్టే.

"మాటేనా వదినా?"

"మాటే. మావయ్య గారే సాక్షి."

మొక్కని చంకనేసుకుని వెళ్ళిపోయాడు. నా చేత్తో పెంచిందాన్ని నేనే చావడానికి పంపించానే అని అప్పుడు బాధేసింది. కానీ ఒక్క మొక్కతో తోటంతా దక్కుతుందని సర్దిచెప్పుకున్నాను.

ఇక్కడ ఇంకో తలనొప్పి ఉంది. మొక్క పెట్టింది వాళ్ళ వాకిట్లో. ఆ వాకిలి మా తోడికోడలు విజయకుమారిది. ఆవిడకీ నాకూ కార్తీకమాసం నుంచీ మాటల్లేవు. వాళ్ళ గేదెదూడ కట్టు తెంపుకుని వచ్చి నా కొబ్బరి నారు ఒక వరస మేసేసింది. నేను దూడని తిట్టాను, ఆవిడ తనని తిట్టాననుకుంది. తర్వాత నిజంగానే తననీ తిట్టాననుకోండి. ఆవిడది తోట్లవల్లూరు, కృష్ణ ఒడ్డు ఊరు. "నీళ్ళున్న ఊళ్ళో పుట్టినవాళ్ళకి నారు విలువేం తెలుస్తుంది" అనేశాను. ఆ మాటకి ఆవిడ తలుపేసుకుంది. అందుకని ఆ వాకిట్లోకి వెళ్ళి చూసే దారి లేదు. దడి మీంచి తొంగిచూడ్డమే.

గోవర్ధనరావు పందెం విషయంలో మోసం చేసే మనిషి కాదు. రిక్షాబండి మీద డ్రమ్ముతో ఏటి నీళ్ళు తెచ్చి వంటింటి చూరు కింద పెట్టేవాడు. ఆయన తెచ్చిపెట్టడమే, పోసేది విజయకుమారి. ఆయనకి తీరికేదీ? మోటార్ల బేరానికి బందరు, రొయ్యపిల్ల బేరానికి ఇంకెక్కడికో, కాలికి చక్రాలు కట్టుకుని తిరుగుతున్నాడు.

కొన్నాళ్ళకి దడి మీంచి చూస్తే ఆకు కొసలు మాడడం మొదలైంది. అయ్యో అనిపించింది, అమ్మయ్య అని కూడా అనిపించింది. ఇంకొన్నాళ్ళు ఆగి చూశాను. మాడిన కొసలు మాడినట్టే ఉన్నాయి, కొత్తగా మాడడం లేదు. ఆ తర్వాత చూస్తే ఏముంది, మొవ్వు విచ్చి కొత్త ఆకు వస్తోంది!

రోహిణీ కార్తె ఎండలకి నా పందిరి కింద మొక్కలే వాడిపోతుంటే అది అక్కడ నిగనిగలాడుతోంది. ఊళ్ళో నా పరువు గంగలో కలిసింది. టీకొట్టు దగ్గర నన్ను చూసి, "ఏవండీ రావమ్మ గారూ, మీ పోక మొక్క రొయ్యతో పాటు ఈదుతోందంటగా" అని ఎగతాళి. ఒకరోజు మధ్యాహ్నం ఆ ఇంట్లో అలికిడి లేదని చూసుకుని దొంగలా లోపలికెళ్ళి, డ్రమ్ములో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. థూ! అసలు సిసలు ఏటి నీళ్ళు. నోరంతా చేదైపోయింది.

ఇంటికొచ్చి కూలబడ్డాను. కడియంలో విన్నదీ, నా కళ్ళతో నేను చూసిందీ అంతా వట్టిదేనా? ఇన్నాళ్ళూ తెలియకుండానే తెలుసునని విర్రవీగానా? మా ఆయన పక్కన కూర్చుని, "మాట వెనక్కి తీసుకోవే. ఆడదానివి, ఎవరూ ఏమీ అనుకోరులే" అన్నాడు.

"ఆడదాని మాట మాట కాదా?" అని ఆయన మీద లేచాను. కోపం ఆయన మీద కాదు. తోట పోతోందన్న దిగులు ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ పొద్దున్నే గోవర్ధనరావు కబురు పంపాడు. నేనూ మా ఆయనా వెళ్ళేసరికి వాకిట్లో శోభనాద్రి గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. గోడకి పారలు ఆనించి కూలీలు బీడీలు కాలుస్తున్నారు. చూరు కింద మొక్క. మొవ్వు చిలకపచ్చగా, నిటారుగా ఉంది. ఇంక నేను చూడాల్సింది ఏం లేదు.

"ఏవంటావమ్మా?" అన్నారు శోభనాద్రి గారు.

"ఏవంటాను మావయ్య గారూ, అన్న మాట అన్నట్టే. తవ్వుకోమనండి" అన్నాను. అనేశాక ఇక ఆగలేదు. అంతమంది ముందూ ఏడ్చేశాను. బావి, పందిరి, ఇసక మడులు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

కూలీలు పారలు అందుకోబోతున్నారు. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి విజయకుమారి, "అక్కా, తవ్వమనకు" అంది.

కార్తీకమాసం తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

"ఆ మొక్కకి నేను ఉప్పునీళ్ళు పోసింది మొదట్లో కొన్నాళ్ళే. తర్వాత పొయ్యలేదు" అంది.

"ఏంటే నువ్వనేది?" అని గోవర్ధనరావు అటు తిరిగాడు. "తెచ్చిన డ్రమ్ము తెచ్చినట్టు ఖాళీ అయ్యేది గదా!"

"రోజూ చెంబుతో తీసి మురుక్కాలవలో పోశానండీ. మొక్కకి పోసింది బిందెలో నీళ్ళు."

మాకు వేసవిలో బిందెలో నీళ్ళంటే మామూలు మాట కాదు. ఊరి బయట మంచినీళ్ళ చెరువు అడుగంటితే, ఆ మిగిలిన నీళ్ళ కోసం ఎండలో బారులు తీరి, ముంచుకుని నెత్తిన మోసుకొచ్చేవి. వాటితో మేము గిన్నెలు కూడా కడగం. ఆవిడ ఆ నీళ్ళు మొక్కకి పోసింది, అదీ నా మొక్కకి.

గోవర్ధనరావు మొహం కందిపోయింది. "నలుగురిలో నా తల తీసేశావు కదే! ఎందుకు చేశావిట్టా?"

"ఆకులు మాడుతుంటే పొద్దస్తమానం వంటింట్లోంచి చూస్తూ ఎట్టా కూర్చోనండీ?" అంది విజయకుమారి. "నేను కాపురానికొచ్చిన ఏడే ఉప్పెన వచ్చింది. నీళ్ళు తీశాక ఈ వాకిట్లో చెట్లు నిలబడి నిలబడే ఎండిపోయాయి. రెండేళ్ళు ఇక్కడ ఆకు మొలవలేదు. మీ అమ్మ ఎండిన కరివేపచెట్టు పట్టుకుని ఏడ్చింది, మీరూ చూశారు. అప్పుడంటే సముద్రం పోసింది. ఇప్పుడు నా చేత్తో నేనే పొయ్యనా?"

గోవర్ధనరావు మొండివాడు కదా, "అయితే ఈ పందెం చెల్లదు. మళ్ళీ మొదట్నుంచీ పెట్టాలి" అన్నాడు.

"పెట్టండి" అంది ఆవిడ. డ్రమ్ము దగ్గరికెళ్ళి చెంబు నిండా ముంచి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఈసారి నేను పొయ్యను. మీరే పొయ్యండి."

ఆయన విసురుగా అందుకుని మొక్క మీదికి వంగాడు. సగం విచ్చిన కొత్త ఆకు ఆయన మణికట్టుకి తగులుతోంది. వద్దని అరవాలని ఉంది నాకు. చెంబు కొంచెం వంచాడు, ఆపాడు. మళ్ళీ వంచబోయాడు. నీళ్ళు అంచు దాటి ఆయన చేతి మీంచి కారి నేల మీద పడుతున్నాయి, మొక్క మీద పడ్డం లేదు. అట్లా వంగే ఎంతసేపున్నాడో. చివరికి లేచి, వాకిలి దాటి, ఆ నీళ్ళు మురుక్కాలవలో పోసేశాడు.

"కూలీలని వెళ్ళమనండి బాబాయ్" అన్నాడు, మా ఎవరి వైపూ చూడకుండా.

విజయకుమారి ఆయన చేతిలోంచి చెంబు తీసుకుని, కడిగి, బిందె మీద బోర్లించింది.