‘క్యూ’ మాటల పెళ్లిపాట

ఇంకో ఇరవై నిమిషాల్లో షీల్డు శాశ్వతంగా తెనాలికి వెళ్ళిపోతుంది.

ఎజ్రాకి చెమటలు పట్టేశాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళ మధ్య జరిగే, బోర్డు మీద అక్షరాలు పేర్చే ఇంగ్లీషు మాటల ఆటకి పెట్టిన షీల్డు అది. వరుసగా మూడేళ్ళు గెలిచిన ఊరికే సొంతం. తెనాలి వెంకటరాఘవయ్య గారు ఇప్పటికే రెండేళ్ళు గెలిచారు. రెండుసార్లూ ఎజ్రా మీదే. బాపట్ల వాళ్ళు పొద్దున్నే ఓడిపోయి, వాళ్ళ ఊరి కల్యాణమండపంలో అందరికీ టీలు అందిస్తున్నారు. రేపల్లె పరువంతా ఇప్పుడు ఎజ్రా ముందున్న అక్షరాల బిళ్ళల మీద ఉంది.

ముప్పై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన ఎజ్రాకి ఇంగ్లీషు మాటలు వేళ్ళలో ఉన్నాయి గానీ బుర్రలో నిలిచేవి కావు. అందుకని వాటిని కట్టలు కట్టి పాటల్లో పెట్టాడు. రెండక్షరాల మాటలు క్రిస్మస్ పాట బాణీలో. మూడక్షరాలవి సండేస్కూలు పాటలో. ఏడక్షరాలవి సమాధుల తోటలో పాడే పాటలో. ‘యు’ తోడు లేకుండా ‘క్యూ’ వచ్చే మొండి మాటలు పెళ్లిపాటలో. ఏ మాట కావాలన్నా పల్లవి నుంచి కూనిరాగం తీస్తూ రావలసిందే. మధ్యలో ఎక్కే వీల్లేదు.

వెంకటరాఘవయ్య గారు వేదం చదువుకున్న మనిషి. మాటల్ని జంటలుగా, ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ వల్లె వేశారు. ఆటలో ఆయన పెదవి కదలదు.

ఈసారీ అదే తంతు. ఎజ్రా ఎక్కడ మాట పెడదామనుకుంటే పెద్దాయన సరిగ్గా అక్కడే అడ్డం పెడుతున్నారు. ముప్పై ఒక్క పాయింట్లు వెనకబడ్డాక కరెంటు పోయింది. అంపైరు జీవన్ కుమార్ ఆట ఆపి విరామం ఇచ్చాడు.

“ఏమండీ, మీకు బుద్ధుందా?” టీ గ్లాసు చేతికిస్తూనే అందుకుంది భార్య నిర్మల.

“ఏంటి, నేనేం చేశాను?”

“పాడుతున్నారు. మూడో వరసలో ఉన్న నాకే వినపడుతోంది.”

“రాగమేగా! మాట బయటికొస్తే వంతు పోతుంది గానీ కూనిరాగానికి రూల్సులో ఏం లేదు.”

“ఆయనకి రాగం చాలండి. తెనాల్లో మా పుట్టింటి వీధే ఆయనది. చర్చి గోడకీ ఆయన వంటింటికీ మధ్య మూరెడు సందు. నలభై ఏళ్ళుగా మా క్వయిర్ ప్రాక్టీసు వింటూనే పప్పన్నం తింటున్నారు. రెండేళ్ళు మీతో ఆడి, ఏ పాటకి ఏ కట్టో పట్టేశారు!”

ఎజ్రా టీ గ్లాసు కింద పెట్టేశాడు. అంటే, చేతిలో ఏముందో తనే పాడి వినిపిస్తున్నాడన్నమాట.

“అయితే నోరు మూసుకుంటా.”

“మూసుకుంటే మీకు ‘క్యాట్’ కూడా గుర్తు రాదు. నే చెప్పేది వినండి. ఆయన ఏదైనా భరిస్తారు గానీ, చరణం సగంలో ఆగితే భరించలేరు. మేం ప్రాక్టీసు మధ్యలో ఆపామా, గోడవతల నుంచి ఆయనే పూర్తిచేసేవారు. చిన్నప్పుడు గురువు గారు అలా పెంచారట. మధ్యలో ఆపితే బెత్తమే!”

కరెంటు వచ్చింది. సంచీలో బిళ్ళలు అయిపోయాయి, ముప్పై ఒక్క పాయింట్ల తేడా మాత్రం అలాగే ఉంది. ఎజ్రా చేతిలో నాలుగే మిగిలాయి: ఎఫ్, ఏ, క్యూ, ఆర్. బోర్డు మూలన, పాయింట్లు మూడింతలయ్యే గడికి దగ్గర్లో, ఒక ‘ఐ’ ఒంటరిగా ఉంది. వంతు మాత్రం పెద్దాయనది.

ఎజ్రా పెళ్లిపాట ఎత్తుకున్నాడు. పల్లవి. మొదటి చరణం. రెండో చరణంలో ఫకీరు తగిలాడు. ఆ ‘ఐ’ని కలుపుకుంటే సరిగ్గా సరిపోతాడు!

పెద్దాయన చెవి రిక్కించారు. కళ్ళు మూలకి వెళ్ళాయి. ఒక బిళ్ళ తీసి ‘ఐ’ పక్కన పెట్టబోయారు.

చరణంలో ఇంకొక్క ముక్క ఉందనగా ఎజ్రా ఆపేశాడు.

పెద్దాయన చెయ్యి గాల్లో ఆగింది. కానివ్వమన్నట్టు తలాడించారు. ఎజ్రా ఫ్యాను వంక చూశాడు. పెద్దాయన కణత మీద నరం ఎగిరింది. బిళ్ళ బోర్డు దాకా వచ్చింది, వెనక్కి వెళ్ళింది. ఆయన వంతు గడియారంలో ఇక పదిహేను సెకన్లే మిగిలాయి.

ఇక ఆగలేకపోయారు. కళ్ళు మూసుకుని, మంత్రం చదివే గొంతుతో, మండపం మారుమోగేట్టు “దీవించుమయ్యా...” అని చరణం ముగించేశారు.

వెనక వరసలో ఎవరో అలవాటుగా “ఆమెన్” అన్నారు.

“మాట బయటికొచ్చింది సార్,” అన్నాడు జీవన్ కుమార్ ఇబ్బందిగా. “వంతు పోయిందండి.”

“పోతే పోయిందిలేవయ్యా. ప్రాణం కుదుటపడింది.”

ఎజ్రా టకటకా నాలుగు బిళ్ళలూ పేర్చేశాడు. యాభై ఒక్క పాయింట్లు! చేతిలో బిళ్ళలు అయిపోయాయి, ఆటా అయిపోయింది.

“ఫకీరా? అది ఇంగ్లీషు మాటేంటండీ?” అన్నారు పెద్దాయన.

“ఇంగ్లీషువాళ్ళు ఎత్తుకుపోయారండి. డిక్షనరీలో ఉంది, చూస్కోండి.”

చూశారు. ఉంది. రేపల్లె గెలిచింది.

పెద్దాయన షీల్డు తెచ్చారు గానీ వదల్లేదు. ఎజ్రా ఇటు లాగితే ఆయన అటు లాగారు.

“ఇస్తానండి, ఎక్కడికీ పోను. ఆ పాటకి మూడో చరణం కూడా ఉంది. అది పాడండి ముందు.”

ఎజ్రా ముఖం పాలిపోయింది. “‘క్యూ’ మాటలు రెండో చరణంతో అయిపోయాయండి. అసలు పాట నాకు రాదు.”

“మరి షీల్డూ రాదు.”

నిర్మల నుదురు కొట్టుకుని, కుర్చీలోంచి లేచి మూడో చరణం అందుకుంది. పెద్దాయన కళ్ళు అరమూతలు పడ్డాయి. షీల్డు వదిలేశారు. తాళం వెయ్యడానికి రెండు చేతులూ కావాలి మరి.