ఆరడుగుల కొట్టు, పదడుగుల పేరు

అన్నదమ్ముల పంపకాల్లో నరసరావుపేట బజారులోని కిరాణా కొట్టు రెండు ముక్కలైంది. పెద్దవాణ్ణి కదా అని రాజరత్నం పద్దెనిమిది అడుగుల ముక్క నొక్కేశాడు. తమ్ముడు శ్రీమన్నారాయణకు మిగిలింది ముచ్చటగా ఆరడుగులు. ఆరడుగుల్లో పప్పులూ ఉప్పులూ సర్దుకోవచ్చు గానీ, అంత పేరు సర్దేదెలా? పేరు కనబడకపోతే జనం అన్న కొట్టులోకే పోతారు. ఆ దిగులుతో పాపం అతనికి అన్నం సయించడం లేదు.

ఫ్లెక్సీలు వేసే కవిత కంప్యూటర్ ఇటు తిప్పి చూపించింది.

"ఇది చూడు బాబాయ్, కండెన్స్‌డ్ బోల్డ్. అక్షరం లావుగానే ఉంటది, పక్కలకి మాత్రం నొక్కేసుంటది. నీ పేరంతా పట్టుద్ది. ఎత్తు ఎంత పెంచితే అంత దూరానికి కనబడుద్ది."

నిజమే. అక్షరాలు పండగ పూట బస్సులో జనంలా ఒకదాన్నొకటి ఆనుకుని నిటారుగా నిలబడ్డాయి. శ్రీమన్నారాయణకు ప్రాణం లేచొచ్చింది.

"పెంచు," అన్నాడు. ఆరడుగులైంది. "ఇంకా పెంచమ్మా!" ఎనిమిదైంది. మనిషికి ఆశ పుడితే ఆగుతుందా? పది దగ్గర కవితే దండం పెట్టేసింది.

మర్నాడు ఫ్లెక్సీ కట్టారు. రాజరత్నం బయటికొచ్చి, తలెత్తి చూసి, మెడ పట్టేసి లోపలికి పోయాడు. తమ్ముడికి కడుపు నిండిపోయింది.

అంతలో మేడ మీది ఇంట్లోంచి భార్య బుల్లెమ్మ కేక.

"ఏందయ్యా ఇది! కిటికీ మొత్తం మూసేశావు! గాలి లేదు, వెలుతురు లేదు!"

"కాస్త ఓర్చుకోవే. మన పేరు..."

"నీ పేరు తగలెయ్య!"

కర్రుమని కత్తెర ఆడింది. 'రా' అక్షరం నడిమి ఖాళీలోంచి బుల్లెమ్మ ముఖం బయటికొచ్చింది. సన్నటి అక్షరం కదా, ముఖం పట్టింది గానీ భుజాలు పట్టలేదు. కింద తోటకూర అమ్ముకుంటున్న పీరాంబీ నోరు తెరిచింది.

"ఏమే పీరాంబీ, కట్ట ఎంత?" అంది 'రా'.

బజారంతా పడీపడీ నవ్వింది. శ్రీమన్నారాయణకు తల కొట్టేసినట్టయింది. బుల్లెమ్మకు మాత్రం ఆ చోటు చానా నచ్చేసింది. దారిన పోయేవాళ్లనల్లా పేరుపెట్టి పిలిచి, కొత్త మినప్పప్పు వచ్చిందని చెప్పేది. ఆమెను చూడ్డానికి వచ్చినవాళ్లు పప్పు కొనుక్కుని పోయేవాళ్లు.

వారం తిరక్కుండా సత్తెనపల్లి నుంచి ఒకావిడ వచ్చి, ఆటో దిగుతూనే అడిగింది. "బుల్లెమ్మ కొట్టు ఏదండీ?"

"అంత లావున రాసుంది, కనబడట్లా? శ్రీమన్నారాయణ స్టోర్స్!" అని అరిచాడతను.

"ఆయనెవరో మాకెందుకండీ? మాకు బుల్లెమ్మ కొట్టు కావాల."

అతనికి ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో పక్క గుమ్మంలోంచి అన్న నవ్వుమొహంతో ఆవిడకు ఎదురు రావడం కంటబడింది.

"ఇదే తల్లీ, బుల్లెమ్మ కొట్టు ఇదే! రండి, రండి!"

ఆ సాయంత్రమే శ్రీమన్నారాయణ కవిత దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. "పేరు మార్చాలమ్మా. బుల్లెమ్మ స్టోర్స్ అని వెయ్యి."

"చిన్న పేరే కదా బాబాయ్. ఇంక ఈ నొక్కుడు అక్షరం ఎందుకు? వెడల్పుగా, పొట్టిగా, అందంగా వేసేస్తా."

"పొట్టిగానా? అమ్మో! మరి మీ పిన్ని తల ఎక్కడ పెట్టుద్ది?"