మూడో కప్పు

కాఫీ దిగిన గిన్నెని చెత్తబుట్ట అంచుకేసి కొట్టి పిప్పి దులపడం ఆమె పని. ఎస్ప్రెసో మిషన్ కి తగిలించే ఆ పిడి గిన్నెలో తాజా పొడి అదిమి, మీట నొక్కి, నురగ చూసి మురిసిపోవడం భర్త పని. ట్రేలో నిలిచిన మురికినీళ్ళు, పాలు ఎండి అట్టగట్టిన ఆవిరి గొట్టం మళ్ళీ ఆమెవే. "మా ఇంట్లో కాఫీ డ్యూటీ నాదే," అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. "పెళ్ళాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు," అని అత్తగారు వంతపాట.

మిషన్ ఎంచిందీ ఆయనే. చిన్నది చాలు, కడగడం తేలిక అని ఆమె అంటే, "కడగడం చూసి కొంటారటే ఎవరైనా?" అని నవ్వాడు.

ఆమెకి మాత్రం ఆ కాఫీ ఎప్పుడూ నచ్చలేదు. పలచన, వగరు. "దీనికి రుచి తెలీదు," అని తల్లీకొడుకులు తేల్చేశారు. కాపురానికొచ్చాక తనలో బయటపడ్డ లోపాల్లో ఇదొకటి కాబోలని ఆమె కూడా నమ్మింది.

ఈ ఉదయం ఆయన స్నానానికి వెళ్ళగానే తనే గింజలు మర పట్టి, ఒక కప్పు కాఫీ దించుకుంది. ఒక్క గుక్క తాగి నిలబడిపోయింది. చిక్కగా, చేదు చివర సన్నటి తీపి. ఇదా కాఫీ! అప్పుడు గుర్తొచ్చింది మర చప్పుడు. రోజూ పాలగిన్నె తోముతూ వెనక నుంచి వింటుందిగా. రెండుసార్లే తిరుగుతుంది. కప్పులు మూడు. అత్తగారికి కొత్త పొడి, ఆయనకి కొత్త పొడి. తనకి ఆయన పిప్పి మీదే ఇంకో విడత వేడినీళ్ళు. కావాలని చేసుంటే నిలదీసేది. ఆయనకి ఆ ధ్యాసే లేదు. ఆయన పారేయాల్సింది తాగి, తన నాలుకని తనే తిట్టుకుంది ఇన్నాళ్ళూ.

"అయ్యో, నువ్వెందుకు ముట్టుకున్నావోయ్? పాడవుతుంది," తల తుడుచుకుంటూ వచ్చాడు భర్త.

"వాడి వస్తువు జోలికి పోకమ్మా," అంది అత్తగారు.

"కూర్చోండి, ఇస్తాను."

అత్తగారికి కొత్త పొడి వేసింది. గిన్నెలో పిప్పి దులపకుండానే ఆయన కోసం మళ్ళీ మీట నొక్కింది.

ఒక గుక్కకే ఆయన మొహం చిట్లించాడు. "ఛీ, కుడితిలా ఉంది! ఇది మనుషులు తాగేదేనా?"

"నేను తాగేది," అంది ఆమె. పిప్పి నిండిన గిన్నెని పిడితో సహా ఆయన ముందు పెట్టి, తన కప్పు పట్టుకుని కుర్చీ లాక్కుంది.