కరెంటు పోయిన శనివారం

అశ్రిత నిలబడలేకపోయిన రోజున జవహర్‌నగర్‌లో చెత్తగుట్టల వాసనకు ఇళ్ల తలుపులన్నీ మూసి ఉన్నాయి. హరిచందన టీచర్ పిల్లను చంకల కింద పట్టి గోడ దగ్గర లేపింది. మడమలు నేలకు ఆనలేదు. మునివేళ్ల మీద వణికి, పిల్ల ఆమె భుజం మీదికి ఒరిగిపోయింది. వానాకాలానికి ముందు ఇదే గోడ పట్టుకొని తనంతట తాను నిలబడిన పిల్ల.

“నువ్వు జెప్పినట్టే కాళ్లు సాపి పట్టిన టీచరమ్మా,” అంది అవ్వ పద్మమ్మ. “గట్టిగ వడితే ఏడుస్తది, ఇడిసిపెడితే ముడుసుకుంటది. శనారమొస్తే నీ ఆటో సప్పుడుకు తలుపు దిక్కు సూసేది. ఇగ సూసుడు బందువెట్టింది.”

వైకల్యం వల్ల బడికి రాలేని పిల్లలకు ఇంటికెళ్లి నేర్పడానికి, వ్యాయామం చేయించడానికి హరిచందనకు శనివారం కేటాయించారు. మిగతా రోజులు బడులవి. బడిలో గంట తప్పితే హెడ్‌మాస్టర్ ఫోన్ చేస్తాడు. ఇంట్లో తప్పితే అడిగే దిక్కు లేదు. అందుకే ఆఫీసులో ఏ పని పడ్డా శనివారానికే కోత. ఈ పూట రాగలిగింది కూడా అక్కడ కరెంటు పోబట్టే.

ఫోన్ మోగింది. పై అధికారి ప్రతాప్.

“కరెంటొచ్చింది మేడమ్, జల్దీ రాండ్రి. పిల్లల వివరాలు ఇయ్యాలనే కంప్యూటర్ల ఎక్కియ్యాలె.”

“పిల్ల దగ్గరున్నానండి.”

“గా పిల్ల యాడికి వోతది? వచ్చే వారం సూద్దురు గని.”

“పోయిన వారమూ ఇదే అన్నారు. ఇప్పుడు నిలబడట్లేదండి.”

“అయితే ఆదివారం పోండ్రి. ఇంట్ల ఒక్కరే గదా, మీకోసం సూసేటోళ్లు లేరాయె.”

భర్త పోయిన దగ్గర్నుంచి ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. ప్రతిసారీ ఆమె సరేనని సంచీ తీసుకునేది.

“శనివారాలు ఆఫీసుకు రానండి. ఇవాళ కూడా.”

“కాంట్రాక్టు నౌకరి. యాదున్నదా?”

“ఉందండి.”

ఫోన్ పెట్టేసింది. పద్మమ్మ బిక్కమొహం వేసింది. “నౌకరి తీసేస్తరా ఏంది, టీచరమ్మా?”

“తెలీదు పద్మమ్మగారూ. కొంచెం నూనె వెచ్చచేసి తెండి.”

హరిచందన అశ్రిత పాదాన్ని ఒళ్లోకి తీసుకొని, నూనె రాసి మెల్లగా సాచింది. పిల్ల ఏడ్చింది, అలిసి ఊరుకుంది. పొద్దు వాలింది. మడమ ఇంకా నేలకు ఆనలేదు.