అటూ ఇటూ రెండు గంటలు

జీఫాకి నేను నేర్పిన మొదటి పాఠం ఒకటే. ఏ కొలత చెప్పినా, అది ఎంత తప్పయ్యే వీలుందో కూడా చెప్పాలి. ఆ పక్క అంకె లేని లెక్కల్ని దిద్దకుండానే పిల్లల మీదికి విసిరేసేదాన్ని. హో పట్టణంలోని మా యూనివర్సిటీలో ఇన్నేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను, ఆ మాట తలకెక్కించుకున్న పిల్ల ఆమె ఒక్కతే. అందుకే పీహెచ్‌డీ సీటు ఆమె కోసం అట్టేపెట్టాను. శుక్రవారంలోగా ఆమె ఆ కాగితం మీద సంతకం పెట్టకపోతే అది పోతుంది.

ఇంతలో అగ్బెకో తగిలాడు. నాతో చదువుకున్నవాడే. చదువు మధ్యలో వదిలేసి పల్లె ఆసుపత్రులకు సోలార్ ఫ్రిజ్‌లు అమ్ముతున్నాడు. జీఫాను ఉద్యోగానికి పిలిచాడు. "వెళ్లి కొన్నాళ్లు చేసి చూడు" అన్నాను నేనే, పెద్ద మనసున్నదానిలా. వాడి నోటిదురుసూ ఈ పిల్ల మొండితనమూ తెలిసినదాన్ని కాబట్టి, తిరిగొస్తుందని నా ధీమా.

అనుకున్నట్టే గొడవైంది. బ్యాటరీ ఆగిపోతే ఫ్రిజ్‌లో టీకాలు ఎంతసేపు చల్లగా ఉంటాయో కొలవమన్నాడట. తొమ్మిది గంటలు, అటూ ఇటూ రెండు, అని తేల్చింది జీఫా. "తొమ్మిది అని అంటించు. అటూ ఇటూ అంటే ఎవడు కొంటాడు?" అన్నాడట. అంటించనంది. ఆ కబురు విన్నరోజు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

గురువారం మధ్యాహ్నం జీఫా మా ఇంటికొచ్చింది. మొక్కజొన్న పిండితో చేసిన అక్ప్లే ముద్ద, ఎండుచేప వేసిన బెండకాయ పులుసు వడ్డించాను.

"నాకు తెలుసు, వాడితో వేగలేవని" అన్నాను.

"నిజమే మేడం. నోరు తెరిస్తే తిట్లే. మీ టీచరమ్మ నీకు లెక్కలు నేర్పిందా, అనుమానాలు నేర్పిందా అన్నారు."

నాకు ఒళ్లు మండింది. "మరింకేం, కాగితం తెస్తానుండు."

జీఫా ముద్ద పులుసులో ముంచి అలాగే పట్టుకుంది.

"గొడవైన మర్నాడు పొద్దున్నే నాకన్నా ముందొచ్చి కూర్చున్నారు మేడం. అయితే ఏడు గంటల్లోనే చెడిపోవచ్చా అని అడిగారు. చెడిపోవచ్చన్నాను. అమ్మిన ప్రతి ఆసుపత్రికీ ఫోన్ చేశారు. బ్యాటరీ ఆగితే ఏడు గంటలు నిండకముందే టీకాలు ఐస్ పెట్టెలోకి మార్చెయ్యండని. నన్ను తిట్టుకుంటూనే చేశారు. ఆ వారమే ఒక ఊళ్లో బ్యాటరీ పోయింది. నర్సమ్మ ముందే మార్చేసింది. ఆ ఫ్రిజ్ ఎనిమిది గంటల్లోనే వేడెక్కింది."

"ఇప్పుడు ఫ్రిజ్ మీద ఏముంది?"

"ఏడు."

నా వ్యాసాలన్నిట్లో ప్రతి అంకె పక్కనా ఆ రెండో అంకె వేశాను. దాన్ని చూసి ఎవరూ ఒక్క సీసా కూడా జరపలేదు. అగ్బెకో మీద అసూయ కలిగింది, దాచను. అంతకన్నా, ఇకమీదట ల్యాబులో ఈ పిల్ల ఉండదని దిగులేసింది.

"కాగితం తేవద్దు మేడం" అంది, తలెత్తకుండా.

"తేనులే. తిను, చల్లారిపోతోంది."

గుమ్మం దాకా వెళ్లి అడిగాను. "మళ్లీ ఎప్పుడొస్తావే?"

"ఊళ్లు తిరగాలి కదా మేడం. రెండు నెలలు." మెట్టు దిగి వెనక్కి తిరిగింది. "అటూ ఇటూ రెండు వారాలు."

"సరే. ఆరు వారాలకే ఎసరు పెడతాను" అన్నాను.